హెల్గా గారి బేస్ గిటార్

ఉదయశ్రీ గిటార్ కొనడానికి వెళ్తే, ముందు చేతులు చూపించమన్నారు.

అడిగినావిడ పేరు హెల్గా బ్రాంట్. డెబ్బై దాటిన మనిషి. జర్మనీలో బాద్ జోడెన్ అనే చిన్న ఊళ్ళో, స్టేషన్ వెనక వీధిలో ఒక్కరే ఉంటారు. పాత సామాన్లు అమ్మే సైట్‌లో ఆవిడ పెట్టిన ప్రకటన విచిత్రంగా ఉంది: "అరవైల నాటి బేస్ గిటార్. వాయించేవాళ్ళకే ఇస్తాను. గోడకి తగిలించుకునేవాళ్ళు ఫోన్ చెయ్యొద్దు."

ఉదయశ్రీ ఆ దగ్గర్లోనే ఎష్‌బోర్న్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తుంది. చిన్నప్పుడు విజయనగరంలో వీణ నేర్చుకుంది. ఇంజనీరింగ్‌లో చేరాక మానేసింది. జర్మనీ వచ్చాక మళ్ళీ మనసు అటు లాగింది గానీ, వీణని విమానంలో తేవడానికి ధైర్యం చాల్లేదు. కిందటి వేసవిలో ఆఫీసు పార్టీలో ఎవరో బేస్ గిటార్ వాయిస్తుంటే, ఆ అడుగు స్వరం అచ్చం వీణ మీద అన్నిటికంటే లావైన అనుమంద్ర తంతి మోగినట్టే వినిపించింది. ఆ వారమంతా ఆ మోత చెవుల్లోంచి పోలేదు.

హెల్గా ఆమె ఎడమచేతి వేళ్ళు తిప్పి తిప్పి చూశారు.

"ఇంతకుముందు ఏం వాయించేవారు?"

"వీణ అని, మా వైపు వాద్యం. ఒళ్ళో పెట్టుకుని వాయిస్తాం. వాయించే తంతులు నాలుగు."

"నాలుగేనా? దీనికీ నాలుగే. అయితే కూర్చోండి."

లోపలి గదిలోంచి గిటార్ తెచ్చారు. ఎర్రటి చెక్క, అంచులు రంగు పోయి తేనె రంగుకి తిరిగాయి. ఉదయశ్రీ కుర్చీలో కూర్చుని పట్టుకోబోతే ఎటు పట్టుకోవాలో తెలియలేదు. చివరికి కింద కార్పెట్ మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, గిటార్‌ని వీణలా అడ్డంగా ఒళ్ళో పడుకోబెట్టి, ఒక తీగని మీటి పక్కకి లాగి గమకం పలికించింది. హెల్గా నవ్వీ నవ్వీ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు.

"యాభై ఏళ్ళు వాయించాను. దీన్ని ఇలా పడుకోబెట్టినవాళ్ళని చూడలేదు. తీసుకెళ్ళండి."

వెళ్ళేముందు గుమ్మంలో నిలబెట్టి జాగ్రత్తలు చెప్పారు. హీటర్ పక్కన పెట్టకూడదు. కారులో వదిలెయ్యకూడదు. వంటింటి స్ప్రేలతో తుడవకూడదు. "అనుమానం వస్తే నాకు ఫోన్ చెయ్యండి. వీడియోలు చూడకండి" అన్నారు.

ఇంట్లో భర్త రవి కుమార్ కేసు తెరిచి చూసి పెదవి విరిచాడు. అతనిది కరీంనగర్. హైదరాబాద్‌లో ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు.

"గింత పాతది తెచ్చినవేంది ఉదయా? కొత్తది దొర్కలేదా?"

"కొత్తవాటికి ఈ గొంతు ఉండదు రవీ. ఒక్కసారి విని చూడు."

విన్నాడు. రెండోసారి కూడా వాయించమన్నాడు గానీ, బాగుందని మాత్రం ఒప్పుకోలేదు. వాల్యూమ్ బటన్ తిప్పినప్పుడల్లా కరకరమంటుంటే, మర్నాడు తనే వెనక మూత విప్పి, దుమ్ము దులిపి, వదులైన ఒక వైరుని సోల్డరింగ్ చేసి అతికించాడు. ఆ తర్వాత దాన్ని పాతది అనడం మానేశాడు. వాయించడం అయ్యాక ఉదయశ్రీ తీగల మీది చెమట పాత నూలు చీర ముక్కతో తుడిచి, కేసులో పడుకోబెట్టేది. పొరుగువాళ్ళకి ఇబ్బంది లేకుండా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయించుకునేది.

జనవరిలో చలి ముదిరింది. ఇంట్లో హీటర్లు ఆగకుండా నడుస్తున్నాయి. ఒక ఆదివారం ఉదయం గిటార్ తీస్తే, ఏ తీగ మీటినా గర్రుమంటోంది. తీగలు మెడ మీది మెట్లకి తగులుతున్నాయి.

"మెడ వంగినట్టుంది" అంది ఉదయశ్రీ.

రవి కుమార్ అప్పటికే ఫోన్‌లో వీడియో పెట్టాడు. "మెడ లోపల ఇనుప కడ్డీ ఉంటదట. దాని నట్టు జర బిగిస్తే సక్కగైతదని చెప్తున్నడు. పానా ఉంది గదా, నేను చేస్తా."

"వద్దు. ముందు ఆవిడకి ఫోన్ చేద్దాం."

"ప్రతిదానికీ ఆమెను అడుగుడేనా?" అంటూనే పానా నట్టు మీద పెట్టాడు. ఉదయశ్రీ స్పీకర్ ఆన్ చేసి విషయం చెప్పింది.

"ఎటు తిప్పుతున్నారు?" అన్నారు హెల్గా.

"బిగిస్తున్నాం."

"నైన్! వద్దు!" అని ఆవిడ వేసిన కేకకి రవి కుమార్ చేతిలోంచి పానా జారి కాలి మీద పడింది. "ముట్టుకోవద్దు! వస్తున్నాను."

తర్వాతి ఎస్-బాన్ రైల్లో ఆవిడ దిగారు. కోటు కూడా విప్పకుండా గిటార్‌ని కంటి ఎత్తుకి లేపి, మెడ పొడుగునా ఒక కన్ను మూసి చూశారు.

"చలికాలం హీటర్ గాలికి చెక్క ఎండి, మెడ వెనక్కి వంగింది. కడ్డీ ఇప్పటికే ఎక్కువ లాగుతోంది. ఇంకా బిగిస్తే విరిగేది. వదులు చెయ్యాలి." నట్టుని కొంచెమంటే కొంచెం తిప్పి పానా కింద పెట్టేశారు.

"అంతేనా?" అన్నాడు రవి కుమార్.

"అంతే. ఇప్పుడు చెక్క ఆలోచించుకుంటుంది. మనం ఏదైనా తిందాం."

ఉదయశ్రీ పెసరట్లు వేసింది. అల్లం పచ్చడి కారానికి హెల్గా ముక్కు ఎర్రబడింది గానీ, ప్లేటు వదల్లేదు. తింటూ ఉదయశ్రీ వీణ సంగతి చెప్పింది. దాని మెట్లు మైనంలో కూర్చోబెట్టి ఉంటాయనీ, ఎండాకాలం మైనం మెత్తబడితే స్వరం తేడా వస్తుందనీ, అప్పుడు వీణలు చేసేవాళ్ళని పిలిపించి మెట్లన్నీ మళ్ళీ కట్టించేవారనీ అంది.

"మీకు ఎండతో గొడవ, మాకు చలితో గొడవ" అని హెల్గా నవ్వారు.

గంట గడిచాక గిటార్ వాయించమన్నారు. గర్రుమనడం పోయింది. ఉదయశ్రీ హుషారుగా రెండు పాటలు వాయించింది. హెల్గా కళ్ళు మూసుకుని విన్నారు.

"వేళ్ళు బాగున్నాయి. కానీ మీరు చాలా ఎక్కువ వాయిస్తున్నారు. బేస్ అంటే పాడటం కాదు, నడవడం."

ఆ మాటకి ఉదయశ్రీ కొంచెం నొచ్చుకుంది. అయినా ఆవిడ వెళ్ళాక, గమకాలన్నీ తీసేసి, ఒట్టి స్వరాలు తాళానికి సరిగ్గా వేసి చూసింది. అలా వాయించడమే కష్టమని అప్పుడు తెలిసింది.

ఏప్రిల్‌లో హెల్గా ఫోన్ చేశారు. పక్క ఊళ్ళో ఫైర్ బ్రిగేడ్ వాళ్ళ వేసవి పండగకి ఆవిడ పాత డాన్స్ బ్యాండ్ వాయించాలి. ఆవిడ వేళ్ళ కీళ్ళు వాచిపోయాయి. అందుకే గిటార్ అమ్మేశారు. "మీరు వాయించండి" అన్నారు.

"నాకు మీ పాటలు రావు ఫ్రావ్ బ్రాంట్!"

"పాటలు వాళ్ళు చూసుకుంటారు. మీరు నడవండి చాలు."

రిహార్సల్స్ ఫైర్ స్టేషన్ మేడమీద జరిగేవి. డ్రమ్స్ వాయించే హోర్స్ట్, అకార్డియన్ వాయించే ఊలీ, ఇద్దరూ హెల్గా ఈడువాళ్ళే. మొదట్లో ఉదయశ్రీ కంగారుపడి తాళం కంటే ముందు పరిగెత్తేది. హోర్స్ట్ అప్పుడు డ్రమ్స్ ఆపి కాఫీ తాగేవాడు. అతను కాఫీ కప్పు తియ్యడం తగ్గేసరికి జూన్ వచ్చింది.

పండగ రోజు ఎండ బాగా కాసింది. బల్లల నిండా జనం, సాసేజ్‌ల పొగ, పిల్లల గోల. స్టేజీ ఎక్కే ముందు శ్రుతి చూసుకుంటుంటే లావు తీగ నిలవడం లేదు. ఎంత బిగించినా దిగిపోతోంది. చూస్తే, ఆ తీగని బిగించే బిరడా ఊగుతోంది. దాన్ని పట్టి ఉంచే స్క్రూ రంధ్రంలో చెక్క అరిగిపోయింది.

"రవీ! బిరడా ఊడొస్తోంది!"

రవి కుమార్ స్క్రూ తిప్పి చూశాడు. పట్టడం లేదు. చుట్టూ చూసి, ఫ్రైస్ తింటున్న ఒక పెద్దాయన దగ్గర చెక్క ఫోర్క్ అడిగి తీసుకుని, నాకి శుభ్రం చేసి, విరిచి, సన్నటి పుల్ల చీల్చి రంధ్రంలో దూర్చాడు. దాని మీంచి స్క్రూ బిగించాడు. ఈసారి పట్టింది. అంతలో వెనక హెల్గా నిలబడి ఉండటం చూసి, దొరికిపోయిన దొంగలా మొహం పెట్టాడు.

"అంటే... టెంపరరీగా... ఫ్రావ్ బ్రాంట్..."

హెల్గా వంగి చూశారు. "మిగతా స్క్రూలు విప్పకండి. వాటన్నిటి కిందా నేను పెట్టిన అగ్గిపుల్లలే ఉంటాయి."

మొదటి పాట మొదలైంది. హెల్గా ముందు వరస బెంచీలో కూర్చుని, పరీక్ష పెట్టే టీచర్‌లా ఉదయశ్రీ వేళ్ళనే చూస్తున్నారు. ఉదయశ్రీ మనసులో తాళం వేసుకుంటూ ఒక్కో స్వరం నిదానంగా దింపింది. జనం లేచి జంటలు జంటలుగా స్టేజీ ముందుకి వచ్చారు. రెండో పాటకి చోటు చాల్లేదు. గిటార్ మోత చెక్క స్టేజీలోంచి ఆమె అరికాళ్ళకి ఎక్కుతోంది.

మూడో పాట మధ్యలో తలెత్తి చూస్తే బెంచీ ఖాళీగా ఉంది. భయమేసింది. ఆవిడకి నచ్చక వెళ్ళిపోయారా?

అప్పుడు కనిపించారు. జనం మధ్యలో, రవి కుమార్ చెయ్యి పట్టుకుని డాన్స్ చేస్తున్నారు. రవి కుమార్ అడుగులు తప్పుతున్నాడు. ఆవిడ గట్టిగా లెక్కపెడుతూ అతన్ని లాక్కుపోతున్నారు. ఇద్దరి మొహాలూ ఎర్రగా ఉన్నాయి.

హోర్స్ట్ డ్రమ్స్ మీంచి ముందుకి వంగాడు. "యాభై ఏళ్ళు ఈ పండగకి హెల్గా ఇక్కడే, మీరు నిలబడ్డ చోటే నిలబడింది" అన్నాడు. "ఆవిడ డాన్స్ చెయ్యడం నేను ఇదే చూడటం."

ఉదయశ్రీ ఒక్క క్షణం తాళం తప్పబోయింది. తమాయించుకుంది. తను తడబడితే కింద ఆవిడ అడుగు తడబడుతుంది.

పాట ముగిద్దామన్నట్టు ఊలీ తలూపాడు. ఉదయశ్రీ అడ్డంగా తలూపి, మళ్ళీ మొదటి స్వరానికి వెళ్ళింది. హోర్స్ట్ నవ్వి ఆమె వెంటే వచ్చాడు. కింద రవి కుమార్ "ఇంకోసారా?" అని గోలగా అరిచాడు. హెల్గా అతని చెయ్యి వదల్లేదు.