అట్టడుగున ఉన్న అధ్యాయం

అక్షరాలు ఆలస్యంగా పట్టుబడ్డ చెయ్యి ఇది. ఒత్తు ఉండాల్సిన చోట లేకపోయినా, దీర్ఘం అక్కర్లేని చోట సాగినా మన్నించండి. ఒక్కో మీటా వెతుక్కుని కొడతాను కాబట్టి కథ కూడా నత్తనడకనే నడుస్తుంది. తొందర ఉన్నవాళ్ళు ముందు వెళ్ళిపోవచ్చు, ఏమీ అనుకోను.

ఒక దర్జీ పెద్దమ్మ ఉండేది. బట్టల బజారు వెనక సందులో, మెట్ల కింది గదిలో ఆమె కుట్టుమిషను. కత్తెరకూ నోటికీ ఒకే పదునని వీధంతా ఆమెను కత్తెర పెద్దమ్మ అనేది. భర్త లిఫ్టు మెకానిక్కు. ఆయన ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే పేపరు పైకి చదివేవాడు, ఆమె కాజాలు కుడుతూ వినేది. అక్షరాలతో ఆమెకు పనేముంది? ఆయన పోయాక ఇల్లు మూగబోయింది. పేపరు వచ్చి గడపలో పడేది, దాన్ని మాట్లాడించే మనిషి లేడు. అప్పుడు, తల నెరిశాక, చెల్లెలి కూతురి పక్కన కూర్చుని అఆలు దిద్దింది.

ఆ పిల్ల అచ్చాఫీసులో పుస్తకాలకు పేజీలు పేర్చే పని చేస్తుంది. పెద్దమ్మకు చదవడం, రాయడం వచ్చాక తన పాత లాప్‌టాప్ ఇచ్చి, అందులో నవలలు రాసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టింది. ఎడమవైపు అధ్యాయాలన్నీ ఒకదాని కింద ఒకటి చీటీల్లా ఉంటాయి. ఏ చీటీనైనా మౌసుతో పట్టుకుని పైకో కిందికో లాగి వదిలితే, కథలో ఆ ముక్క అక్కడికి చేరిపోతుంది.

"ఓసి, ఇది కచ్చాకుట్టే కదే!" అంది పెద్దమ్మ. "నచ్చకపోతే దారం లాగేసి ఇంకోచోట వేసుకోవడం. దీనికింత కరెంటెందుకు?"

ఆమె రాసింది తన మనిషి గురించే. నవలలో కూడా ఆయన లిఫ్టు మెకానిక్కే. ఆయన పోయిన రోజును అన్నిటికన్నా ముందు రాసేసింది, పుచ్చిన పన్ను ముందే పీకించుకున్నట్టు. ఆ చీటీని అట్టడుగుకు లాగి పెట్టింది. ఆ తర్వాత దాని పైన ఒక్కో అధ్యాయమే చేర్చుకుంటూ వచ్చింది. ఆయన నూనె చేతులతో వచ్చి సబ్బడిగిన రోజు. కొత్త చొక్కాకు కాలరు బిగుతైందని మూతి ముడుచుకున్న రోజు. ఇద్దరూ లిఫ్టులో చిక్కుకుని, తలుపు తెరవాల్సిన మెకానిక్కే లోపలున్నాడని పడీపడీ నవ్వుకున్న రోజు. ఒక అధ్యాయం పూర్తయ్యేసరికి అడుగు చీటీ కళ్ళబడేది. వెంటనే ఇంకొకటి మొదలుపెట్టేది.

అచ్చాఫీసు యజమాని మొదటి అధ్యాయాలు కొన్ని చదివి బాగున్నాయన్నాడు. చివరిదాకా ఇస్తే పుస్తకం వేస్తానన్నాడు. ఆయన ఆ మాట అన్నాక వానాకాలం వచ్చింది, వెళ్ళింది.

"పెద్దమ్మా, పెదనాన్న ఇంకా టీ తాగుతూనే ఉన్నాడు," అంది పిల్ల ఓ మధ్యాహ్నం, భోజనానికి ఇంటికొచ్చి లాప్‌టాప్ ముందు కూర్చుని.

"తాగనీవే. నీ సొమ్మేం పోయింది?"

"కిందటి అధ్యాయంలోనూ తాగాడు, అంతకుముందు దాంట్లోనూ తాగాడు. ఈ వారంలో ఇవ్వకపోతే మా యజమాని ఇంకో పుస్తకం ఎత్తుకుంటాడు. ఇక్కడ ఆపేసి ఆ చివరిదొక్కటి కలిపేస్తే అయిపోతుంది కదా."

"అయిపోతుందనేగా," అంది పెద్దమ్మ, కంచాలు తీసుకుని లోపలికి పోతూ.

పిల్ల మళ్ళీ ఆఫీసుకు వెళ్ళాక ఆమె ఆ అధ్యాయం తెరిచింది. రాశాక దాని జోలికి పోవడం ఇదే మొదటిసారి. "మెట్లమీద కాసేపు కూర్చుంటానన్నాడు. కూర్చున్నాడు. చనిపోయాడు." ఆ చివరి మాట దగ్గర చెయ్యి ఆగిపోయింది. కథే కదా, రాసేది నేనే కదా అనుకుంది. ఒక మాట తీసి ఇంకో మాట పెట్టే కిటికీ ఎలా తెరవాలో పిల్ల ఎప్పుడో నేర్పింది. పై గడిలో "చనిపోయాడు" అని కొట్టింది. కింది గడిలో, చాలాసేపు ఆలోచించి, "ఇంటికి వచ్చాడు" అని కొట్టింది. మీట నొక్కి, హమ్మయ్య అనుకుని మిషను ముందుకు జరిగింది.

సాయంత్రం పిల్ల చదవడం మొదలుపెట్టిన కాసేపటికే పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"ఇదేంటి పెద్దమ్మా! 'ఇంటి ఓనరు ఇంటికి వచ్చాడని తెలిసి పెళ్ళాం గుండెలు బాదుకుంది' అట!"

"ఆఁ?"

"నీకు కుట్టు నేర్పిన మేష్టారేమో 'నిద్రలోనే హాయిగా ఇంటికి వచ్చాడు'. నిచ్చెన పట్టుకుపోయి తిరిగివ్వని ఆయన్ని కూడా పిలిచేశావు. నవలంతటా ఉన్న మాటని ఒక్క దెబ్బకి మార్చేశావు!"

"అయ్యో, ఆ ఓనరు పీనుగెందుకే నాకు!" పెద్దమ్మకు కూడా నవ్వాగలేదు. "ఇంతమందికీ టీ ఎవరు పెడతారిప్పుడు? ఆ మేష్టారైతే చక్కెర తగ్గితే కప్పు విసిరికొడతాడు."

నవ్వుతూనే పిల్ల అట్టడుగు అధ్యాయానికి వెళ్ళింది. అక్కడ నవ్వు ఆగిపోయింది. మెల్లగా పైకి చదివింది, అచ్చం పెదనాన్న పేపరు చదివినట్టు.

"కూర్చున్నాడు. ఇంటికి వచ్చాడు."

ఆ ఒక్కచోటే మాట అతికినట్టు సరిపోయింది. ఇద్దరూ కాసేపు తలుపు వైపు చూశారు.

"వెనక్కి తిప్పెయ్యనా?" అంది పిల్ల.

"తిప్పెయ్యి. అందర్నీ."

"పెదనాన్ననీ?"

పెద్దమ్మ మిషను చక్రం మీద చెయ్యి వేసి కూర్చుంది. "ఆయన్నీ," అంది చివరికి. "అబద్ధం రాస్తే ముందు ఆయనే ఊరుకోడు. పేపర్లో తప్పు దొర్లితే పొద్దంతా సణిగేవాడు."

పిల్ల మీట నొక్కింది. ఓనరూ, మేష్టారూ, నిచ్చెనాయనా ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. మెట్లమీద ఆయన మళ్ళీ చనిపోయాడు. పెద్దమ్మ చూపు తిప్పుకోలేదు. కాసేపటికి మిషను మీద ఉన్న గుడ్డను తడిమింది. సుద్దతో గీసింది, ఇంకా కోయనిది. ఎంత మంచి గుడ్డయినా ముందు కత్తెర పడాల్సిందే. కుట్టడమంతా ఆ తర్వాతే.

"ఇలా ఇవ్వవే మౌసు."

అడుగు చీటీని పట్టుకుని పైకి లాగింది. సగం దారిలో చీటీ జారిపోయింది. మళ్ళీ పట్టుకుంది. టీ తాగిన రోజులన్నీ దాటించి అన్నిటికన్నా పైన వదిలింది.

"మొదట్లోనే పోతాడా!" పిల్ల నోరు తెరిచింది.

"మొదట్లోనే. నా రాత మొదలైంది అక్కడేగా. ఆయనుంటే నేను అక్షరం ముట్టేదాన్నా?"

తర్వాత నూనె చేతుల చీటీని వెతికి పట్టుకుని, జాగ్రత్తగా కిందికి దించి, అట్టడుగున పెట్టింది. ఇప్పుడు నవల ఆయన మోచేత్తో తలుపు తోసి, "సబ్బెక్కడే?" అని కేకేయడంతో ఆగిపోతుంది.

"రేపు పట్టుకెళ్ళి ఇచ్చెయ్యి మీ యజమానికి," అంది పెద్దమ్మ.

పిల్ల ఆఖరి వాక్యం ఇంకోసారి చదువుకుంది. "దీనికి నువ్వు జవాబు రాయలేదు పెద్దమ్మా."

"గూట్లోనే ఉంటుందని ఎన్నిసార్లు చెప్పానో. అయినా అడుగుతాడు." పెద్దమ్మ కత్తెర చేతిలోకి తీసుకుంది. "అడగనీ."

కత్తెర పెద్దమ్మ, అరవై ఏడేళ్ళు. ఇప్పుడు చెల్లెలి కూతురి ఇంట్లో, వీధివైపు గదిలో ఉంటున్నాను. మిషను కూడా నాతోనే వచ్చింది.