గీత మీద కూర్చున్న పేరు

మొదలుపెట్టిన నాడు నా చేతిలో ఉన్నవి మూడు. గడియారాలు బాగుచేసే మా బాపు వదిలిపోయిన భూతద్దం, కరీంనగర్ బస్టాండు వెనక సందులో పది అడుగుల దుకాణం, ఇచ్చోడలో మూతపడ్డ క్యాసెట్ల షాపు నుంచి కొన్న ట్రంకుపెట్టె. ఆ పెట్టెలో సిరిసిల్ల మొండయ్య పాటల క్యాసెట్లు నలభై రెండు. తొమ్మిదింటి అట్టల మీద ఆయన సంతకం ఉంది.

మొండయ్య మరమగ్గం నడుపుకుంటూ పాటలు పాడిన మనిషి. ఎనభైల చివర్లో కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా ఆయన క్యాసెట్ మోగని చాయ్ హోటల్ లేదు. ఆయన పోయాక పాత వస్తువులు పోగుచేసేవాళ్ళు సంతకమున్న అట్టల కోసం తిరగసాగారు. వాళ్ళ వెనకే దొంగ సంతకాలు కూడా వచ్చాయి. నా భూతద్దానికి పని దొరికింది.

నా తొమ్మిదింటినీ నమూనాగా పెట్టుకుని, వచ్చిన ప్రతి అట్టనూ వాటితో పోల్చేవాణ్ణి. అలవాటైన చేయి ఒక్క ఊపులో సంతకం చేస్తుంది. చూసి దించే చేయి నెమ్మదిగా పోతుంది, వణుకుతుంది, మధ్యలో ఆగి సిరా చుక్క వదులుతుంది. అసలుదని తేలితే చీటీ రాసిచ్చేవాణ్ణి. చీటీకి రెండు వందలు. పన్నెండేళ్ళలో ముప్పై ఏడు చీటీలు రాశాను. నా చీటీ చూశాక ఇంకెవరూ మారుమాట అడిగేవారు కాదు. నా అసలు సరుకు అదే.

మొన్న ఎండాకాలం రోజారాణి టీచర్ సిరిసిల్ల నుంచి బస్సులో వచ్చింది. అరవై ఐదు దాటిన మనిషి, అంగన్‌వాడీలో పనిచేసి దిగిపోయింది. ప్లాస్టిక్ కవర్లోంచి ఒక క్యాసెట్ అట్ట తీసి బల్ల మీద పెట్టింది.

"సేటూ, దీనికి నీ చీటి కావాలె. మా ఊరి లైబ్రరీల మొండయ్య వస్తువులు పెడుతున్నరు. గాడ చూసుకునే సాగర్ సారు నీ చీటి లేంది తీసుకోనన్నడు."

చూడటానికి అరనిమిషం పట్టలేదు. ముందు ఒక గీత కొట్టి, దాని మీద అక్షరాలు ఒక్కొక్కటే కూర్చోబెట్టారు. అక్షరాల సిరా గీత మీదికి ఎక్కింది. నా తొమ్మిదింట్లో పేరు ముందు, చివర్లో కింద సర్రున గీత. పైగా ఇక్కడ కలం రెండు చోట్ల ఆగి చుక్కలు పడ్డాయి.

"ఇది ఆయనది కాదు టీచరమ్మా. ఎవరో చూసి గీసిండ్రు."

"నా ముంగట పెట్టిండు."

"అందరు గట్లనే అంటరు."

"నువ్వు మొండయ్యను ఎన్నిసార్లు చూసినవ్?"

"చూడలే. పాటలు విన్న."

"చెవులతోని విని కండ్లతోని తీర్పు చెప్తున్నవా? మంచిగున్నది నీ బేరం." ఆమె అట్టను తన వైపు లాక్కుంది. "ఆయనకు రాయ నేర్పిందే నేను. తొంభై ఒకటిల సాక్షరతా కేంద్రం మా ఇంటి వసారాలనే నడిచింది. అప్పటిదాంక ఆయనది వేలిముద్ర."

నా తొమ్మిదింట్లో ఒకదాని మీద ఎనభై ఎనిమిది నాటి తారీఖు ఉంది. అది తీసి చూపించాను.

"గిది ఎవరు పెట్టిండ్రో దేవవ్వను అడుగు. ఆయన భార్య. ఇంక బతికే ఉన్నది."

ఆమె చెప్పింది నిజమైతే ఎగిరిపోయేది ఆమె అట్ట కాదు, నా నమూనా. దాన్ని చూసి రాసిన ముప్పై ఏడు చీటీలూ దాని వెనకే పోతాయి. అడగకుండా ఊరుకోవడమే చౌక. కానీ తెలియక తప్పుడు సరుకు అమ్మడం వేరు, అనుమానం వచ్చాక అమ్మడం వేరు. షట్టరు దించి ఆమెతోపాటే బస్సెక్కాను.

దేవవ్వ గడప దగ్గర కూర్చుని బీడీలు చుడుతోంది. తొమ్మిది అట్టలూ ముందు పరిచాను. ఒక్కసారి చూసి మళ్ళీ ఆకు అందుకుంది.

"గివి దశరథం చెయ్యి. హార్మోనియం పెట్టె వాయించెటోడు."

"మొండయ్య పెట్టలేదా అవ్వా?"

"ఆయనకు రాయొస్తెగద. జనం అట్టలు పట్టుకోని మీదికొస్తె దస్తితోని చేతులు తుడుసుకుంట, దశరథం, నువ్వు కానియ్యి అనెటోడు. నలుగుట్ల వేలిముద్ర ఎయ్యాలంటె సిగ్గు."

"మోసం గాదా అది?"

"ఏం మోసం బిడ్డ? ఈయన పాడె, ఆయన రాసె. ఎవరి పని వాళ్ళు చేసిండ్రు."

రోజారాణి టీచర్ నవ్వాపుకుంటూ నా వైపు చూసింది. నేను భూతద్దం తుడుచుకున్నాను.

"నేర్చుకున్నంక పెట్టింది ఏమన్న ఉన్నదా?" అని అడిగాను.

దేవవ్వ లోపలికి వెళ్ళి రేకుపెట్టెలోంచి కూతురు మమతారాణి ప్రోగ్రెస్ కార్డు తెచ్చింది. మూడో తరగతి. తండ్రి సంతకం గళ్ళలో మొదటి రెండూ ఊదారంగు వేలిముద్రలు. మూడో గడిలో ఒక గీత, దాని మీద పేరు.

"గీత లేకుంటె అక్షరాలు జారిపోతయంటుండె," అంది టీచర్. "ముందు గీత ఎందుకయ్యా అంటె, పడుగు లేంది పేక ఎట్ల నేస్తం పంతులమ్మా అని నన్నే అడిగిండు."

కార్డునూ టీచర్ అట్టనూ పక్కపక్కన పెట్టి చూశాను. గీత ముందే పడింది. కలం ఆగిన చోట్లు కూడా ఒకటే. కాపీ కొట్టే చేయే కాదు, కొత్తగా నేర్చిన చేయి కూడా ఆగుతుందని నాకు తట్టలేదు.

"గా కార్డు తనే బడికి తీస్కపోయి సారు చేతిల పెట్టొచ్చిండు," అంది దేవవ్వ. "ఆ రోజు మగ్గానికి పోలే."

అక్కడే కూర్చుని టీచర్ అట్టకు చీటీ రాశాను. పైసలు వద్దన్నాను. ఆమె వినలేదు.

"ఊకెనే ఇచ్చిన చీటి అని సాగర్ సారు అనుకోవద్దు. తీస్కో. సంతకం జర మెల్లగ పెట్టు, నేను చూస్త."

కరీంనగర్ వచ్చాక ముప్పై ఏడు మందికీ ఫోన్లు చేశాను. పదకొండు మంది చీటీ పైసలు వాపసు అడిగారు, ఇచ్చాను. ఇద్దరు ఇప్పుడు ఎదురుపడితే మొహం తిప్పుకుంటారు. మిగిలినవాళ్ళకు కొత్త చీటీ పంపాను: "పాడింది మొండయ్య, సంతకం దశరథం." ఒకతను ఇదే బాగుందన్నాడు.

తేలని లెక్క ఒకటి ఉంది. నెమ్మదిగా ఉన్నాయని పన్నెండేళ్ళలో నేను తిప్పిపంపిన అట్టలు. కాదన్నదానికి చీటీ ఉండదు కాబట్టి, అవి ఎన్నో, ఎవరివో నా దగ్గర రాత లేదు. దుకాణం ముందు బోర్డు పెట్టాను: మొండయ్య అట్టలు నేను కాదన్నవి ఉంటే మళ్ళీ తెండి, ఊరికే చూస్తాను. ఇప్పటిదాకా ఒకరొచ్చారు. గీత ముందే ఉంది.

మొత్తం మీద పోయింది రెండు వేల రెండు వందలు, తొమ్మిది నమూనాలు, ఇద్దరు గిరాకీలు. వచ్చింది టీచరమ్మ రెండు వందలు, దేవవ్వ ఇంట్లో చాయ్, ఫోనులో తీసుకున్న ప్రోగ్రెస్ కార్డు ఫొటో ఒకటి.