ముందు నిలబెట్టిన మనిషి

ఆ వీధి పురోహితుడికి గొంతు పెద్దది, ధైర్యం చిన్నది. మంత్రం అందుకున్నాడంటే వీధి చివరిదాకా వినిపిస్తుంది. అదే బస్సులో ఎవరైనా తన కాలు తొక్కితే, ఆయనే క్షమించమంటాడు.

ఆయన భార్య బడిలో సంస్కృతం చెబుతుంది. ఆ ఉదయం ఖాళీ బిందెల మధ్య కూర్చుని ఆయన గొప్పలు పోయాడు.

"పురానికి హితం చేసేవాడే పురోహితుడు. ఎంత గొప్ప మాటో చూశావా?"

"వినడానికి బాగానే ఉంది గానీ, అది తర్వాత అల్లుకున్న అర్థమండీ. 'పురః' అంటే ముందు. 'హిత' అంటే ఇక్కడ ఉంచిన అని. ముందు ఉంచబడ్డవాడు, అంతే. ఏ మంచిపనికైనా జనం ఆయన్ని ముందు నిలబెట్టుకునేవాళ్లు."

"అంటే నా అంతట నేను నిలబడలేదన్నమాట!" ఆయన మొహం చిన్నబోయింది.

వీధి కుళాయి ఎండిపోయి చాలా రోజులైంది. ఆ పూటే అందరూ కలిసి నీళ్ల ఆఫీసుకు బయలుదేరారు. "ఆ ఇంజనీరును కడిగిపారేస్తా చూడండి" అంటూ దర్జీ దారంతా ఎగిరాడు. తీరా గది తలుపు తెరుచుకోగానే, చెప్పు జారిందంటూ వంగాడు. ఇస్త్రీ అక్క కొంగు సర్దుకుంటూ వెనక్కి తగ్గింది. ఎవరిదో చెయ్యి పురోహితుణ్ణి వీపు మీద తోసింది. తిరిగి చూస్తే భార్య!

"అందరం కలిసి ముందు పెట్టాం. ఇంక మీ ఇష్టం" అందామె మెల్లగా.

"ఏమిటి మీ సంగతి?" ఇంజనీరు ఫోనులోంచి తలెత్తలేదు.

పురోహితుడికి మామూలు మాట ఒక్కటీ రాలేదు. కళ్లు మూసుకుని, తనకు చేతనైన రాగమే అందుకున్నాడు.

"ఈ ఊళ్లో... ఈ వీధిలో... మలుపు కుళాయి దగ్గర... చంటిపిల్లల తల్లులకు, మోకాళ్లనొప్పుల ముసలివాళ్లకు, ఇస్త్రీ అక్కకు, దర్జీ బావకు, సకల కుటుంబాలకూ... శీఘ్రమే జలప్రాప్తి కలుగుగాక!"

కిటికీ అద్దాలు అదిరాయి. పక్క గదుల్లో గుమాస్తాలు పరుగెత్తుకొచ్చారు. ఆయన కళ్లు తెరిచేసరికి ఇంజనీరు లేచి నిలబడి, చేతులు జోడించి ఉన్నాడు. జోడించిన సంగతి అతనికే తెలియదు. తన చేతులు తనే చూసుకుని పగలబడి నవ్వాడు.

"భలేవారండీ! ఇంక తథాస్తు అనక చస్తానా?" అంటూ పైపుల మేస్త్రీని పిలిచాడు.

రోడ్డు పనివాళ్లు పక్క వీధిలో వాల్వు మూసి, మళ్లీ తెరవడం మరిచిపోయారట. మధ్యాహ్నానికి కుళాయి దగ్గింది, తుమ్మింది, ఎర్రనీళ్లు కక్కింది, ఆపైన తేటగా ధార కట్టింది. పిల్లలు బట్టలతోనే కిందికి దూరారు. "నేను చెప్పలా!" అన్నాడు దర్జీ. ఏం చెప్పాడో ఎవరూ అడగలేదు.

సాయంత్రానికి అదే గుంపు వాళ్ల గుమ్మంలో ఉంది.

"పంతులుగారూ, వీధిదీపాలు కూడా వెలగడం లేదు. కాకపోతే ఆ ఆఫీసరు కాస్త కోపిష్ఠి."

భార్య నవ్వాపుకుంటూ ఆయన వంక చూసింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"రేపు పొద్దున్నే వెళదాం. ముందు ఆఫీసరు పేరేమిటో కనుక్కోండి. రాగంలో ఇమడాలిగా!"