మూడు శంకువుల ఇసుక

పొద్దున తొమ్మిదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగం బెడిసికొట్టినప్పటి నుంచి ఎలిశిబా టీచర్ ఒక్కచోట కూర్చోలేకపోయింది. మధ్యాహ్నం కౌడిపల్లి, పాపన్నపేట వైపు నుంచి లెక్కల టీచర్లు ఆమె పాఠం చూడడానికి మెదక్ వస్తున్నారు. సూత్రాలు బట్టీ పట్టించదు, చేతులతో చేయించి చెబుతుందని ఆమెకు పేరు. ఆ పేరు వినే వాళ్లు వస్తున్నారు.

పాఠం చిన్నదే. ఒక గుండ్రటి రేకు డబ్బా. అదే మూతి, అదే ఎత్తు ఉండేలా అట్టతో చుట్టిన శంకువు. శంకువు నిండా ఇసుక మూడుసార్లు పోస్తే డబ్బా నిండాలి. శంకువులో పట్టేది డబ్బాలో మూడో వంతేనని పిల్లలకు కళ్లారా కనిపించాలి. కానీ పొద్దున మూడోసారి పోశాక కూడా పైన వేలు వెడల్పున ఖాళీ మిగిలింది.

"బుక్కుల తప్పు పడ్డదేమో మేడం," అన్నాడు రాజేందర్. క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేకపోయింది.

మధ్యాహ్నం టిఫిన్ మూత తీసి మళ్లీ పెట్టేసింది. ఇసుక జల్లించింది. శంకువు అతుకులు తడిమి చూసింది. వరండాలో అటూ ఇటూ తిరుగుతుంటే హెడ్మాస్టర్ కృష్ణమోహన్ ఎదురొచ్చాడు.

"ఎందుకు మేడం గింత పరేషాన్? శంకువుల జర కుప్పగ పోయుండ్రి. డబ్బా నిండుతది. ఎవరు చూస్తరు?"

"పిల్లలు చూస్తరు సార్."

"పిల్లలకేం తెలుస్తది! వచ్చినోళ్ల ముంగట బడి ఇజ్జత్ పోవద్దు."

ఆమె క్లాసు వైపు నడిచింది. ఆ మాట మాత్రం చెవి దగ్గర జోరీగలా తిరుగుతూనే ఉంది.

టీచర్లు వచ్చి వెనక బెంచీల మీద సర్దుకున్నారు. వాళ్ల పక్కనే కృష్ణమోహన్ కూర్చున్నాడు. ఎలిశిబా శంకువు నింపింది. ఇసుక మూతి దాటి కొద్దిగా ఉబ్బింది. ఆమె చదును చేయలేదు. రెండోసారీ అంతే. మూడోది పోసేసరికి డబ్బా అంచుదాకా నిండింది. వెనక చప్పట్లు మొదలయ్యాయి.

"మేడం," అంటూ ముందు బెంచీలోంచి నిస్సి లేచింది. గట్టిగా మాట్లాడే పిల్ల కాదు. "పొద్దుగాల స్కేలుతోని చదును చేసి పోసినం గద. ఇప్పుడెందుకు చెయ్యలే?"

చప్పట్లు ఆగిపోయాయి. కృష్ణమోహన్ కిటికీ వైపు చూశాడు. ఎలిశిబా నిస్సి వైపు చూసింది. కసిరితే కూర్చుంటుంది. ఇక ఎప్పుడూ లేవదు.

"నిజమే బిడ్డా. తప్పు నాదే," అంది. డబ్బా ఖాళీ చేసి, ఈసారి చదును చేస్తూ మూడుసార్లు పోసింది. ఖాళీ అందరికీ కనిపించింది. "ఎందుకు మిగుల్తున్నదో నాకు సమజైతలేదు. మీరే చూడుండ్రి."

గోల లేచింది. ఇసుక తడిగా ఉందని ఒకరు, అట్ట వంగిందని ఒకరు. పాపన్నపేట నుంచి వచ్చిన కరుణాకర్ సారు కూడా లేచొచ్చి డబ్బాను తిప్పి తిప్పి చూశాడు. ఇంతలో రాజేందర్ శంకువును డబ్బా పక్కన బోర్లించాడు. దాని కొన డబ్బా అంచుకు అందలేదు.

"ఇది పొట్టిగున్నది మేడం!"

ఎలిశిబా వంగి చూసింది. డబ్బా ఎత్తు పన్నెండు సెంటీమీటర్లు. అట్ట మీద ఆమె కంపాస్ పెట్టి గీసిందీ పన్నెండే. చుట్టాక ఆ పన్నెండు శంకువు పక్కల ఏటవాలైంది, నిలువెత్తు కాలేదు.

"ఏటవాలునే ఎత్తనుకున్న," అని గొణుక్కుంది.

బోర్డు మీద లంబకోణ త్రిభుజం గీసింది. అడుగున డబ్బా వ్యాసార్థం ఐదు, నిలువున ఎత్తు పన్నెండు. "ఇగ ఏటవాలు ఎంతుండాలె?"

"పదమూడు!" క్లాసు అరిచింది.

నిస్సి కత్తెర పట్టింది. కొత్త శంకువు చుట్టి, మూతి డబ్బాకు సరిపెట్టి, చదును చేస్తూ పోశారు. మూడోది పడ్డాక ఇసుక అంచుతో సమానమైంది. ఈసారి చప్పట్లు లేవు. పిల్లలూ టీచర్లూ తలలు తగిలేలా డబ్బా మీదికి వంగి ఉన్నారు.

బడి విడిచాక ఎలిశిబా గేటు దగ్గర నిస్సిని ఆపింది. "అంతమంది ముంగట లేచినవ్. భయం కాలేదా?"

"అయింది మేడం. అయినా అడగకుంట ఉండలేకపోయిన."

ఎలిశిబా ఆమె భుజం తట్టింది. నిస్సి స్నేహితులతో కలిసి వెళ్లిపోయింది. ఎలిశిబా ఇంటిదారి పట్టింది. పాఠం గట్టెక్కింది. అయినా, ఆ పిల్ల లేవకపోయి ఉంటే తాను ఆ చప్పట్లు తీసుకునే ఉండేదన్న సంగతి ఆమెను దారి పొడుగునా నిమ్మళంగా నడవనివ్వలేదు.