చెయ్యి తీసేసిన రోబో

బడిలో ఆ పిల్లను అందరూ పిడుగు అనేవాళ్లు. రోబో పోటీ కోసం ఆమె ముచ్చటపడి తయారుచేసిన లోహపు చెయ్యి చూసి మాస్టారే ముక్కున వేలేసుకున్నారు. వేళ్లు ముడుచుకునేవి, మణికట్టు గిర్రున తిరిగేది. ఒకటే లోటు. పోటీలో నేలమీది ప్లాస్టిక్ బంతుల్ని ఏరి బుట్టలో వెయ్యాలి. ఈ చేతికి బంతి చిక్కితే ఒట్టు.

వేళ్లకు రబ్బరు అంటిస్తే పట్టుకుంది గానీ వదల్లేదు. రబ్బరు తగ్గిస్తే వదిలింది, కాకపోతే బుట్ట అవతల. జట్టులో ఉన్న ప్రాణస్నేహితురాలు సోడాబుడ్డి, లావుపాటి కళ్లద్దాలు పైకి తోసుకుంటూ అంతా గమనించింది.

"చెయ్యి బాగుందే. కానీ మనకి చెయ్యే అక్కర్లేదేమో. ఊడ్చేది ఏదైనా పెడదామా?"

పిడుగుకు చుర్రుమంది. మూతి ముడుచుకుని ఇంటికి వెళ్లి అమ్మ దగ్గర తన గోడు వెళ్లబోసుకుంది. అమ్మ దర్జీ. ఒక చొక్కా చంక కుట్లు విప్పుతూ వింది. ఆ చొక్కాకి చేతులు విప్పడం అది రెండోసారి.

"నీకు కోపం రాదా అమ్మా?"

"ఎందుకు రాదు? తిట్టుకుంటూనే విప్పుతా. బిగుతుగా ఉంటే వేసుకునేవాడు ఊరుకోడుగా."

పిడుగుకు నవ్వొచ్చింది. మర్నాడు తనే స్క్రూలు విప్పి చెయ్యి తీసేసింది. ఆ చోట, బంతుల్ని రోబో పొట్టలోకి ఊడ్చేలా, ఇద్దరూ కలిసి సీసాలు కడిగే బ్రష్షును మోటారుకు బిగించారు. మొదటి బంతి ఎగిరి మాస్టారి బట్టతలకు తగిలింది. వేగం తగ్గించారు. బంతులు పక్కలకు జారిపోతుంటే అటూ ఇటూ అట్టముక్కలు నిలబెట్టారు. ఒక్కో తప్పు దొరికినప్పుడల్లా ఇద్దరికీ హుషారు పెరిగింది.

తీరా పోటీలో తివాచీ మందంగా ఉంది. మొదటి ఆటలో బ్రష్షు దానికి చిక్కుకుని ఆగిపోయింది. పిడుగు కళ్లలో నీళ్లు తిరిగేలోపే సోడాబుడ్డి స్క్రూడ్రైవర్ తీసింది. ఇద్దరూ నేలమీద బోర్లా పడుకుని బ్రష్షును కాస్త పైకి జరిపారు.

రెండో ఆటలో రోబో బంతుల్ని గుటుక్కున మింగుతూ పోయి బుట్టలో కుమ్మరించింది. జనంలోంచి అమ్మ వేసిన ఈల హాలంతా వినబడింది.

వాళ్లకు రెండో బహుమతి వచ్చింది. మొదటిది గెలిచిన జట్టు పిల్లలు వచ్చి ఆ బ్రష్షు ఎలా పెట్టారని అడిగారు. పిడుగు అక్కడే చతికిలబడి చెడగొట్టుకున్నవాటితో సహా అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. తర్వాత రెండు రోబోలనూ ఒకే బంతుల గుంపు మీదికి వదిలారు. అవి ఢీకొని, బంతులు కుర్చీల కిందికి దొర్లిపోతుంటే, పిల్లలంతా కేరింతలు కొడుతూ వాటి వెంట పాకారు.