స్విచ్చు పక్కన స్టూలు

మా బావగారికి ఎవరి మీదైనా కోపం వస్తే ఆ మనిషితో మాట్లాడరు. స్విచ్చుతో మాట్లాడతారు.

నీళ్ళ మోటారు, మెట్ల దీపం, గేటు తాళం, ఇంట్లో అందరికీ పనికొచ్చేవన్నీ కింది వాటాలో ఆయన చేతికందేంత దూరంలోనే ఉంటాయి. పై వాటాలో మేముంటాం, నేనూ మా ఆయనా. ఇల్లు అన్నదమ్ములిద్దరిదీ. ఇంటర్నెట్ వైరు మాత్రం వీధి స్తంభం నుంచి బావగారి హాల్లోకి వచ్చి ఆగింది. దాన్ని వాడుకునేది రెండు వాటాలవాళ్ళం, ఆపేది ఆయన ఒక్కరే.

నేను డాక్టర్ల మాటలు టైపు చేస్తాను. వాళ్ళు రోగిని చూసి మైకులో గబగబా గొణిగింది విని, రిపోర్టుగా రాసి రెండు గంటల్లో తిరిగి పంపాలి. చిన్న కంపెనీ, తెగిన ముక్కల్లాంటి పని. ఎనిమిది నెలల కిందట ఒక పెద్ద కంపెనీ నన్ను పరీక్షకు పిలిచింది. ఇంట్లోనే కూర్చుని మూడు గంటలు ఆగకుండా టైపు చేయాలి. మధ్యలో లైను తెగితే అంతే, మళ్ళీ ఏడాది దాకా దరఖాస్తు పెట్టనివ్వరు. ఆ పరీక్ష కోసం నాలుగు నెలలు మందుల పేర్లు బట్టీపట్టాను. అన్నం వండుతూ కూడా గొణుక్కునేదాన్ని.

పరీక్ష రోజు పొద్దున్నే మెట్ల కడ్డీ మీద తడి దుప్పటి ఆరేశాను. బావగారికి అది నచ్చలేదు. "మెట్లు అందరివీ కదమ్మా," అన్నారు. "దుప్పటి మాది కదా బావగారూ, దారికి అడ్డం రాదు," అన్నాను. అంతే మా మధ్య జరిగిన గొడవ. ఆయన మొహం చూసి కూడా నాకు అనుమానం రాలేదు చూడండి, అదే నా తెలివితక్కువతనం.

రెండు గంటల యాభై నిమిషాలు గడిచాక తెర మీద చక్రం తిరగడం మొదలైంది. నేను చెప్పుల్లేకుండా కిందికి పరుగెత్తాను. హాల్లో నెట్టు పెట్టె మీద ఒక్క దీపం కూడా లేదు. గోడ మీద స్విచ్చు ఆపేసి ఉంది. బావగారు పేపరు చదువుకుంటున్నారు, ఆయన నెత్తి మీద ఫ్యాను సుబ్బరంగా తిరుగుతోంది.

"కరెంటు హెచ్చుతగ్గులొస్తున్నాయేమోనమ్మా," అన్నారు పేపరు దించకుండానే.

అక్కయ్య, అంటే మా తోడికోడలు, కుట్టు మిషను మీద తల వంచుకుని కూర్చుంది. తల ఎత్తలేదు.

సాయంత్రం మా ఆయన ప్రింటింగ్ ప్రెస్సు నుంచి వచ్చాక చెప్పాను. ఆయన చేతులకంటిన ఇంకు కడుక్కుంటూ, "అన్నయ్య అలా ఎందుకు చేస్తాడు, కరెంటే అయ్యుంటుంది," అన్నారు. బావగారి మీద కన్నా ఆ మాట మీద నాకు ఎక్కువ కడుపు మండింది.  నాకు జరిగింది బావగారికీ జరగాలి, అచ్చం అలాగే, పని చివరి అంచున ఉన్నప్పుడే జరగాలి అనుకున్నాను. క్షమించేయమని నాలో ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేదాన్ని కాదు.

తర్వాతి వారం మొబైలు షాపుకు వెళ్ళాను. "వైరు లేకుండా నెట్టు కావాలి, ఇంటి పని మొత్తం దాని మీదే నడవాలి," అన్నాను. షాపతను అరచేతిలో పట్టే డబ్బా ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"లోపల సిమ్ము వేస్తామండీ. ఫోనుకి నెట్టు ఎలా వస్తుందో దీనికీ అలాగే టవరు నుంచి వస్తుంది. ఇది పదిమందికి పంచుతుంది. కాకపోతే రోజుకి ఇంతని డేటా, అది దాటితే నడక నెమ్మదిస్తుంది. ఇరవై నాలుగ్గంటలూ చార్జింగులో పెట్టేటట్టయితే బ్యాటరీ తీసేయండి, ఉబ్బిపోతుంది. తిన్నగా కరెంటు మీదే నడుస్తుంది."

"టవరు దూరమైతే?"

"దీన్ని ఎత్తుకుని ఇల్లంతా తిరగండి. ఎక్కడ నాలుగు గీతలు కనబడితే అక్కడ పెట్టండి."

పసిపిల్లను ఎత్తుకున్నట్టు దాన్ని చంకన పెట్టుకుని గదులన్నీ తిరిగాను. హాల్లో రెండు గీతలు, పడకగదిలో ఒకటి. వంటింటి కిటికీలో, గిన్నెలు తోమే తొట్టి పైన, నాలుగు గీతలు వచ్చాయి. ఆ కిటికీలోంచి రెండు వీధుల అవతల టవరు కనబడుతుంది. డబ్బాను అక్కడే పెట్టి, వైరును పొయ్యి పక్కనున్న స్విచ్‌బోర్డుకు గుచ్చాను. టైపు చేసే బల్ల కూడా వంటింట్లోకి చేరింది. సాయంత్రం వీధంతా ఇళ్ళకు చేరి వీడియోలు చూసే వేళకు నా డబ్బా కాస్త నీరసపడేది. అందుకని పెద్ద ఫైళ్ళు పొద్దున్నే దించుకునేదాన్ని. ఫోనులో వాటంతటవే ఆడే వీడియోలన్నీ ఆపేశాను. వారం తిరిగేసరికి కిందనున్న వైరుతో నాకు పనే లేకుండా పోయింది.

ఆ సంగతి బావగారికి చెప్పలేదు. అక్కడే నా పగ మొదలైంది.

ఆయన యథాప్రకారం నా మీద కోపం వచ్చినప్పుడల్లా స్విచ్చు ఆపేవారు. నేను యథాప్రకారం కిందికి దిగేదాన్ని. ఆరిపోయిన పెట్టెకేసి చూసి, ఒక నిట్టూర్పు విడిచి, ఈసురోమంటూ మెట్లెక్కేదాన్ని. నాటకాల్లో ఎన్నడూ వేషం కట్టలేదు గానీ ఆ నిట్టూర్పు మాత్రం బాగా కుదిరింది. ఆయనకు అది వ్యసనమైపోయింది. గంట ఆపేవారు పూటంతా ఆపడం, పూట ఆపేవారు రోజంతా ఆపడం మొదలుపెట్టారు. నేను పైన కూర్చుని హాయిగా టైపు చేసుకునేదాన్ని.

ఇబ్బంది పడింది అక్కయ్య. ఆవిడ బట్టలు కత్తిరించే పద్ధతులు వీడియోల్లో చూసి కుడుతుంది. ఒకరోజు మెడలో టేపు వేసుకునే పైకి వచ్చింది.

"నీకు నెట్టు వస్తోంది కదూ?" అంది.

"ఎలా తెలిసింది?"

"కింద పెట్టె ఆరిపోయినా పైన నీ టైపు చప్పుడు ఆగట్లేదు."

ఆవిడ ఫోను కూడా కలిపాను, వీడియోలు పైకి వచ్చి చూసుకోమన్నాను. బావగారికి చెప్పొద్దన్నాను. "నేనెందుకు చెప్తాను," అంది, చిన్నపిల్లలా నవ్వింది. ఆ ఇంట్లో ఆవిడ నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. అయినా పరీక్ష రోజు సంగతి ఆవిడ ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఆవిడ తల వంచుకున్న తీరు మాత్రం నా మనసులో అలాగే ఉండిపోయింది.

ఇంతలో బావగారికి మంచిరోజులు వచ్చాయి. ఆయన నీటి సరఫరా ఆఫీసులో మీటర్ల సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యారు. ఆ ఆఫీసువాళ్ళు రిటైరైన వాళ్ళలోంచి ఒక సలహాదారును రెండేళ్ళకు తీసుకుంటారట. వీధిలో కనబడిన ప్రతివాళ్ళకూ ఆ పోస్టు తనదేనని చెప్పుకున్నారు. ఇంటర్వ్యూ గురువారం పదకొండు గంటలకు, వీడియోలో.

ఆ గురువారానికి ముందు సోమవారం, మెట్ల మీద నా చెప్పులు ఒక మెట్టు కింద విడిచానని ఆయనకు మళ్ళీ కోపం వచ్చింది. ఈసారి స్విచ్చు ఆపడం ఆయనకు చాలలేదు. నెట్టు కంపెనీకి ఫోను చేసి కనెక్షనే నెల రోజులకు నిలిపేయించారు. నాకు వినబడేటట్టు మెట్ల కింద నిలబడి మరీ మాట్లాడారు. ఇంటర్వ్యూకి ఫోనులో నెట్టు చాలుననుకున్నారు. కిందింట్లో గోడలు బాగా మందమని, అక్కడ ఫోనులో మాటే సరిగా వినబడదని ముప్ఫై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఉన్న మనిషికి గుర్తు రాలేదు. నన్ను ఏడిపించాలనే ధ్యాస అంత గట్టిది మరి.

నేను కిందికి దిగి, ఎప్పటికన్నా పెద్ద నిట్టూర్పు విడిచి వచ్చాను.

గురువారం పదిన్నరకు కింద హడావుడి వినబడింది. హాల్లో ఫోను పట్టుకుంటే బొమ్మ బిగుసుకుపోతోందట. గేటు బయటికి వెళ్ళారు, ఎదురింటివాళ్ళు గచ్చుకు రాళ్ళు కోయిస్తున్నారు, ఆ రంపం మోతలో ఆయన మాట ఆయనకే వినబడలేదు. కంపెనీకి ఫోను చేస్తే తిరిగి కలపడానికి రెండు రోజులు పడుతుందన్నారు. అప్పుడు అక్కయ్యే చెప్పింది, పైన నెట్టు ఉందని.

పదకొండుకు పది నిమిషాలుందనగా బావగారు మెట్లెక్కి వచ్చారు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల, చేతిలో లాప్‌టాప్. వెనకాల అక్కయ్య.

"చూడమ్మా, ఒక్క గంట," అన్నారు. ఎనిమిది నెలల్లో ఆయన నా మొహంకేసి సూటిగా చూసింది అప్పుడే.

"రండి బావగారూ. నెట్టు వంటింట్లో బాగా వస్తుంది."

టైపు బల్ల ముందు కుర్చీ వేశాను. అక్కయ్య వంటింటి గుమ్మంలో నిలబడింది. పాస్‌వర్డు నేనే కొట్టాను. ఆయన కిటికీలోని డబ్బాను, దాని వైరును, ఆ వైరు ఎక్కడికి పోతోందో చివరిదాకా చూశారు. నేను స్విచ్‌బోర్డు పక్కకు స్టూలు జరుపుకుని, ఒళ్ళో చిక్కుడుకాయలు పెట్టుకుని కూర్చున్నాను. కుడిచేత్తో కాయలు వలుస్తూ ఎడమచెయ్యి స్విచ్చు కింద గోడకు ఆనించాను.

నిజం చెబుతున్నాను, ఆపేద్దామనే కూర్చున్నాను. చివరి పది నిమిషాలు మిగిలేదాకా ఆగి, అప్పుడు వేలితో నొక్కాలి. "కరెంటు హెచ్చుతగ్గులొస్తున్నాయేమో బావగారూ," అనాలి. ఆ మాట ఎన్నిసార్లు నెమరేసుకున్నానో లెక్కలేదు.

తెర మీద ముగ్గురు ఆఫీసర్లు కనబడ్డారు. మొదటి ప్రశ్న అడిగారు: పాత మీటర్లు తీసి కొత్తవి పెడితే మొదటి ఏడాది వేటిని సరిచూడాలి? బావగారు నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు. చెప్పడం మొదలుపెట్టారు కూడా. అప్పుడు నేను కాయ కింద పడిందని కాస్త కదిలాను. ఆయన మాట ఆగిపోయింది. కళ్ళు తెర మీద నుంచి నా ఎడమచేతి మీదికి వచ్చాయి.

"ఒకసారి మళ్ళీ అడుగుతారా సార్," అన్నారు.

నాకు అప్పుడు అర్థమైంది. నా ఒళ్ళంతా చల్లగా, తృప్తిగా అయిపోయింది. వేలు నొక్కితే ఆయనకు ఒక సాకు దొరుకుతుంది. నొక్కకపోతే ఏమీ దొరకదు. చెయ్యి అక్కడే ఉంచాను.

నలభై నిమిషాలు జరిగింది ఆ ఇంటర్వ్యూ. ప్రతి ప్రశ్నకూ సగం జవాబు చెప్పి నా చేతికేసి చూసేవారు. నుదుటి మీద చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోలేదు, ఆ క్షణంలో నేను ఆపేస్తానేమోనని. వృథాపోయే నీళ్ళు ఎంత శాతమో చెప్పమంటే తప్పు చెప్పారు, దిద్దుకుని మళ్ళీ తప్పే చెప్పారు. ఆఫీసర్లలో ఒకాయన, "మీ పక్కన ఎవరైనా ఉన్నారా? ఎటో చూస్తున్నారు," అని అడిగాడు. లేరన్నారు బావగారు. డబ్బా మీద పచ్చ దీపం ఒక్కసారి కూడా రెప్ప వేయలేదు. నేను కాయలన్నీ వలిచేశాను.

వారానికి ఫలితం వచ్చింది. పోస్టు ఆయన కింద పనిచేసిన మనిషికి ఇచ్చారు.

ఆ సాయంత్రం మా ఆయన ప్రెస్సు నుంచి వచ్చేసరికి బావగారు మెట్ల దగ్గర కాచుకుని ఉన్నారు. గొంతు విని నేనూ కిందికి దిగాను.

"నీ భార్య నెట్టు తీసేసిందిరా. లేకపోతే నాకు వచ్చేదే," అంటున్నారు.

మా ఆయన నావైపు తిరిగారు. నేను నోరు విప్పేలోపే అక్కయ్య హాల్లోంచి గుమ్మంలోకి వచ్చింది.

"తను తీయలేదు. నేనక్కడే ఉన్నాను, చివరిదాకా నెట్టుంది," అంది మెల్లగా. ఆవిడ చెయ్యి గుమ్మాన్ని గట్టిగా పట్టుకుని ఉంది. "దాని పరీక్ష రోజు తీసింది మీరు. అప్పుడూ నేను ఇక్కడే ఉన్నాను."

మా ఆయన అన్నగారికేసి చూశారు. "అన్నయ్యా?" అన్నారు. బావగారు కాదనలేదు. కరెంటు పేరూ ఎత్తలేదు. మా ఆయన చేతిలోని సంచీ మెట్టు మీద పెట్టి అక్కడే కూర్చుండిపోయారు.

బావగారు నావైపు తిరిగారు. వారం రోజుల్లో మనిషి బాగా చిక్కారు.

"నువ్వు తీసేస్తావనుకున్నానమ్మా," అన్నారు.

"మీరలా అనుకోవాలనే అక్కడ కూర్చున్నాను, బావగారూ."