వెంట్రుకవాసి తేడా లేని నేల

బస్సుల డిపో ఆవరణ చదును చేయడానికి కొత్త యంత్రం వచ్చింది. దాని పొట్ట కింద ఉన్న పొడుగాటి బ్లేడు ఎంత ఎత్తులో నడవాలో ఆకాశంలోని ఉపగ్రహాలు చెబుతాయట. మేస్త్రీ ముప్ఫై ఏళ్లుగా మేకులు కొట్టి, దారం లాగి మట్టం చూసినవాడు. ఇక ఆ పని ఉపగ్రహాలు చూసుకుంటాయి గనక, ఆయన చేతికి నీళ్లు చల్లే గొట్టం ఇచ్చారు. గౌరవం తగ్గించకూడదు గదా, కొత్త గొట్టమే ఇచ్చారు.

యంత్రం నడిపేది ఆయన అల్లుడే. మూడు నెలలు చూసి ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. ఈ రోజుతో గడువు తీరుతుంది. వర్క్‌షాపు ముందరి నేల ఒక్కటే మిగిలింది. పెద్ద ఇంజనీరు వచ్చి అది చూసి సరేనంటే ఉంటాడు, లేదంటే ఇంటికే.

"నాన్నా, ఈ ఒక్కపూట నోరు కట్టేసుకో" అని కూతురు పొద్దున్నే బతిమాలింది. అదేమంత కష్టం కాదు. మేస్త్రీ రోజు మొత్తానికి పది మాటలాడితే గొప్ప.

లారీలు మట్టి పోస్తున్నాయి, బ్లేడు పరుస్తోంది. పదకొండింటికి మేస్త్రీ వర్క్‌షాపు గుమ్మం దగ్గర ఆగాడు. జేబులోంచి దారం తీసి చూశాడు. తలుపు ముందు కాస్త మేర తప్ప, పరిచిన నేలంతా గడప కన్నా జానెడు ఎత్తు. వానొస్తే నీళ్లు చుట్టాల్లా నేరుగా లోపలికే వస్తాయి.

"అల్లుడుగారూ, నేల పైకొచ్చింది."

"మీ దారం వేలాడి ఉంటుంది మామయ్యా. నాకు పద్నాలుగు ఉపగ్రహాలు అందుతున్నాయి. తెర చూడండి, సెంటీమీటరు తేడా లేదు."

"పద్నాలుగింట్లో ఒక్కదానికైనా ఈ గుమ్మం కనబడలేదా?"

"మామయ్యా, మీకు దండం పెడతాను. ఇవ్వాళొద్దు."

మేస్త్రీ మూలకు నడిచాడు. ఉపగ్రహాల లెక్క సరిచేసి యంత్రానికి అందించే పెట్టె అక్కడ, నేలలో దిగగొట్టిన మేకు మీద, మూడుకాళ్ల స్టాండుపై ఉండాలి. ఆ మేకు ఎత్తే అన్నింటికీ ఆధారం. మేకు ఉంది, పెట్టె లేదు. అది పక్కనున్న అరుగెక్కి కూర్చుంది. లారీలు తగులుతాయని పొద్దున చిన్న ఇంజనీరు జాగ్రత్త పడ్డాడు. అరుగు జానెడు ఎత్తు. పెట్టె జానెడు లేస్తే నేలా జానెడు లేచింది. యంత్రాన్ని అనడానికేం లేదు, వెంట్రుకవాసి తేడా రాకుండా తప్పు చేసింది.

"బాబూ, పెట్టె మేకు మీద లేదు."

"నీళ్లు చల్లు పెద్దాయనా, దుమ్ము లేస్తోంది" అన్నాడు చిన్న ఇంజనీరు, ఫోన్లోంచి తలెత్తకుండా.

మేస్త్రీ చల్లాడు.

మధ్యాహ్నం పెద్ద ఇంజనీరు వచ్చాడు. దుమ్ముకు జడిసి వర్క్‌షాపులోకెళ్లి ఇనుప తలుపు లాక్కున్నాడు, టీ తాగుదామని. అల్లుడు తలుపు ముందు ఆఖరి మట్టి కూడా పరిచి, రోలరు తిప్పించాడు. అంతలో లోపల్నించి దబదబా చప్పుడు.

"ఎవడ్రా గడియ పెట్టింది?"

ఎవరూ పెట్టలేదు. తలుపు బయటికి తెరుచుకునేది, బయట జానెడు మట్టి. పెద్ద ఇంజనీరు కిటికీలోంచి రావాల్సొచ్చింది. ముందు ఒక కాలు, తర్వాత పొట్ట, చాలాసేపటికి మిగతా మనిషి.

"ఎవరు చేశారీ నేల?"

"డ్రైవరు సార్" అన్నాడు చిన్న ఇంజనీరు, ఆలస్యం లేకుండా.

మేస్త్రీ గొట్టం కింద పెట్టాడు.

"డ్రైవరు తప్పేం లేదు సార్. పెట్టె అరుగెక్కింది. ఎక్కించిందెవరో నేను చెప్పను."

గుమ్మడికాయ దొంగ భుజాలు తడుముకున్నాడు. "లారీ తగుల్తుందేమోనని సార్..."

పెద్ద ఇంజనీరు మేకునీ, అరుగునీ, చివరికి చిరిగిన తన ప్యాంటునీ చూసుకున్నాడు.

"పెట్టె దించండి. డ్రైవరూ, సాయంత్రంలోగా ఈ నేల దించావా, ఉంటావు. మేస్త్రీ సరేనంటేనే నేను సంతకం పెట్టేది."

అల్లుడు పరుగున యంత్రం వైపు వెళ్లబోయాడు.

"అటెక్కడికి?" అన్నాడు మామ. "ముందు తలుపు దగ్గరిది తియ్యండి. గోడ వారకి మీ బ్లేడు రాదు." పార తెచ్చి చేతిలో పెట్టాడు.

సాయంత్రానికి నేల దిగింది, తలుపు తెరుచుకుంది, ఉద్యోగం నిలిచింది. అల్లుడి అరచేతుల్లో నాలుగు బొబ్బలు లేచాయి. వాటి ఎత్తు మాత్రం ఎవరూ కొలవలేదు.